ఇరవై ఒక్క రోజుల చప్పిడి

మా అమ్మతో బేరమాడి గెలిచినవాళ్లు చేవెళ్లలో లేరు. బస్టాండుకు దగ్గర్లో మా కిరాణా దుకాణం. గల్లా దగ్గర కూర్చునేది బాపు, తూకం వేసేది అమ్మ. అలాంటి మనిషితో నేను ఇరవై ఆరేళ్ల వయసులో ఒక పెద్ద బేరం కుదుర్చుకున్నాను. పీజీలో నేను జనరల్ మెడిసిన్ తీసుకుంటాను, ఆమె అడ్డు చెప్పదు. దానికి బదులుగా ఇరవై ఒక్క రోజులు ఆమెతో కలిసి నేనూ చప్పిడి తినాలి. ఉప్పులేని అన్నం, ఉప్పులేని పప్పు, ఉప్పులేని కూర. నాకు సీటు రావాలని, వచ్చాక నా తల చల్లగా ఉండాలని ఆమె వెంకన్నకు మొక్కుకుంది.

"ఒక్క దినం గూడ తప్పొద్దు," అంది అమ్మ. "ఇద్దరం పడితెనే మొక్కు చెల్లుతది. నువ్వు ఆడ దవాఖానల సమోసా గిమోసా తిన్నవనుకో, అంతా ఖరాబైతది."

"నేను ఇంటికి రాంగనే నోరు వాసన జూస్తవా ఏంది?"

"చూస్తనే మరి!"

సరే అన్నాను. ఆమె ఇంకా పెద్దదేదో అడుగుతుందని భయపడ్డాను కాబట్టి, ఇది చాలా చవగ్గా వచ్చిందనిపించింది.

నాకు బైపోలార్ ఉంది. ఎంబీబీఎస్ మూడో ఏడు పరీక్షల సమయంలో బయటపడింది. నాలుగు రోజులు నిద్రపోలేదు, నిద్ర అవసరమని కూడా అనిపించలేదు. హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి, మా దుకాణం సర్దే పద్ధతే తప్పని తేల్చి, సామాన్లన్నీ ఒక్క పూటలో అక్షరక్రమంలో పెట్టాను. పసుపు పక్కన ఫినాయిల్, బెల్లం పక్కన బ్లేడ్లు. బాపు నన్నొక్క మాట అనలేదు. ఆ తర్వాత వారం రోజులు, గిరాకీ లేనప్పుడల్లా, ఒక్కొక్కటే తీసి మళ్లీ వాటి చోట్లలో పెట్టుకున్నాడు. ఆ ఊపు దిగాక నేను పూర్తిగా కిందికి పోయాను. మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. తినకపోతే తిట్టేది, తింటే ఏడ్చేది. ఒక ఏడాది చదువు పోయింది.

అప్పటి నుంచి రోజూ లిథియం వేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, నన్ను మనిషిగా నిలబెట్టింది ఆ మాత్రలే. కానీ మా ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తరు. చుట్టాలెవరైనా వచ్చి అల్మారాలో మందుల అట్టలు చూసి, ఫోన్లో పేరు కొట్టి, ఇది ఏ రోగానికో తెలుసుకుంటారని అమ్మ భయం. అందుకని అట్టల్లోంచి మాత్రలన్నీ ఒలిచి ఖాళీ అయిన ఇంగువ డబ్బాలో పోసేది. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బాకు వాసన పోలేదు. ఐదేళ్లు నేను ఇంగువ వాసనతోనే లిథియం మింగాను. ఎవరైనా అడిగితే అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "నెత్తినొప్పి గోలీలు."

నేను కూడా తక్కువ తినలేదు. నన్ను చూసే సైకియాట్రిస్టు సిటీలో ఉంటారు, నెమ్మదస్తుడు. మందు మొదలుపెట్టిన రోజున చాలా జాగ్రత్తలు చెప్పారు. ఒంట్లో ఉప్పూ నీళ్లూ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి, హఠాత్తుగా ఉప్పు తగ్గిస్తే మందు ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది, వాంతులు విరేచనాలు అయితే వెంటనే ఫోన్ చెయ్యాలి. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ, నేను రాగానే, "ఏమన్నడు సారు?" అని అడిగింది. "ఏం లేదే, దినాం ఒక గోలీ ఏస్కుంటె సాలట," అన్నాను. ఆమె ముఖం అప్పుడెంత తేలికపడిందో నాకిప్పటికీ గుర్తే. ఆ ముఖం కోసమే అలా చెప్పాను. ఆ రోజు మిగతా మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి.

ఎంబీబీఎస్ అయ్యాక మొయినాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో డ్యూటీ డాక్టరుగా చేరాను. పగటి పని, సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి, క్యారెట్ మూటల పక్కన ఒంటికాలి మీద నిలబడి వెళ్లేదాన్ని. వచ్చేవాళ్లు పూలతోటల్లో పనిచేసే ఆడవాళ్లు, మోకిలలో విల్లాలు కట్టే కూలీలు, షాబాద్ వైపు రైతులు. దగ్గు, జ్వరం, నడుంనొప్పి. మంచి పనే. కానీ కొంచెం కష్టమైన మనిషి వస్తే, "సిటీకి తీసుకపోండ్రి," అని చీటీ రాసి పంపించాల్సిందే. పంపించాక ఆ మనిషికి ఏమైందో నాకు తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం నన్ను తినేసేది. నాకు జనరల్ మెడిసిన్ కావాలి. ఒక మనిషి మంచం పక్కన కూర్చుని, అతని కథంతా విని, ఊపిరి ఎందుకు ఆడట్లేదో, కాళ్లు ఎందుకు వాచాయో ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోవడం, ఆ మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్లేదాకా చూడటం. హౌస్ సర్జన్‌గా మెడిసిన్ వార్డులో చేసిన రెండు నెలలు నేను ఎంత సంతోషంగా ఉన్నానో మరెప్పుడూ అంత లేను. అది జబ్బు తెచ్చిన సంతోషం కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో శుభ్రంగా ఎనిమిది గంటలు నిద్రపోయేదాన్ని.

ఎంట్రన్సులో మంచి ర్యాంకే వచ్చింది. హాస్టల్లో నన్ను చూసి నా జబ్బు సంగతి తెలుసుకున్న నలుగురైదుగురు స్నేహితులూ నాలుగైదు సలహాలు ఇచ్చారు. పాథాలజీ తీసుకో, హాయిగా మైక్రోస్కోపు ముందు కూర్చోవచ్చు, అర్ధరాత్రి ఫోన్లు రావు. అంతా నా మంచికే, కాదనను. వాళ్లలోనే కొందరైతే, "సైకియాట్రీ తీసుకో, నీకు లోపలి నుంచి తెలుసు కదా!" అనేవాళ్లు. అది వింటే నాకు ఒళ్లు మండేది. షుగర్ ఉన్నవాళ్లందరూ షుగర్ డాక్టర్లే అవుతారా? కన్ను సరిగా కనిపించనివాళ్లంతా కళ్లద్దాల షాపు పెట్టుకోవాలా? నా జబ్బు నాకు నెలకోసారి చూపించుకోవడానికి చాలు, బతుకంతా దాని చుట్టూ తిప్పుకునే ఓపిక నాకు లేదు.

జనరల్ మెడిసిన్ చెయ్యగలనా అని సైకియాట్రిస్టును అడిగాను. "చెయ్యలేవని నేను చెప్పను. చెయ్యగలవని రాసివ్వనూ లేను. మూడేళ్లు నిద్ర నీ చేతిలో ఉండదు, నీ జబ్బుకు మొదటి శత్రువే అది. వెళ్లదలుచుకుంటే అక్కడ ఎవరికో ఒకరికి చెప్పి చేరు. దాచిపెట్టి మాత్రం చేరకు," అన్నారు. తలూపి వచ్చాను. మొదటి సగం ఇంట్లో చెప్పాను. రెండో సగం, దాచిపెట్టవద్దన్నది, దాచిపెట్టాను.

అమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "నిద్ర లేకనే గద ఆ బీమారి వచ్చింది? తెల్సి తెల్సి బాయిల దుంకుతవా?" అనేది. ఆమె మాటలో తప్పేం లేదు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చేది. ఇద్దరం గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగాం. చివరికి ఒక రోజు శనగపప్పు చెరుగుతూ, తలెత్తకుండానే, ఈ మొక్కు సంగతి చెప్పింది. బేరం కుదిరింది.

ఆ చప్పిడి రోజులు మా ఇద్దరికీ ఎంత బాగున్నాయో చెప్తే నవ్వుతారు. ఉప్పు లేని లోటు తీర్చడానికి అమ్మ ఎన్ని ఎత్తులు వేసిందో! పప్పులో మామిడికాయ, చారులో రెండింతలు చింతపండు, కూరలో పచ్చిమిర్చి దండిగా. ఎంత చేసినా నోట్లో పెట్టుకోగానే ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకుని పగలబడి నవ్వేవాళ్లం. బాపు మా ఎదురుగా మామిడికాయ తొక్కు వేసుకోవడానికి మొహమాటపడి కంచం పట్టుకుని దుకాణంలోకి వెళ్లిపోయేవాడు. "దొంగలెక్క తింటున్నడు సూడు మీ నాయిన," అని అమ్మ నా చెవిలో చెప్పేది. చాలా ఏళ్ల తర్వాత మేమిద్దరం ఒకే వైపు ఉన్నాం.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. వారం దాటాక నాకు దాహం పెరిగింది. కడుపులో తిప్పుతున్నట్టు ఉండేది, రెండుమూడుసార్లు విరేచనాలయ్యాయి. ఎండదెబ్బ అనుకున్నాను. చేతులు వణికేవి. లిథియం వేసుకునేవాళ్లకు కొద్దిపాటి వణుకు మామూలే కనుక పట్టించుకోలేదు. బస్సు దిగేటప్పుడు అడుగు తూలితే నిద్ర తక్కువైందనుకున్నాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అది నేనే. ఈ లక్షణాలన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి ఇస్తే, ఏ పేషెంటు గురించైనా క్షణంలో జవాబు చెప్పేదాన్ని.

పన్నెండో రోజు పొద్దున షాబాద్ వైపు నుంచి ఒక పెద్దమనిషి బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. తిండి గురించి అడిగాను. తొక్కు లేనిదే ముద్ద దిగదట. "ఉప్పు తగ్గించాలె తాతా," అన్నాను. నా మాట నాకే ముద్దముద్దగా వినిపించింది. మందుల చీటీ మీద అదే మాట రాయబోయాను. పెన్ను నా మాట వినలేదు. గీతలు ఒకదాని మీదొకటి పడ్డాయి. రెండో చేత్తో పట్టుకుని మళ్లీ రాశాను. ఆయన చీటీ తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"డాక్టరమ్మా, నా సంగతి తర్వాత జూద్దువు," అన్నాడు. "నీకే బాగలేనట్టున్నది. పొద్దటికెల్లి ఏమన్న తిన్నవా బిడ్డా?"

ఏమన్నా తిన్నానా! ఏం తిన్నానో అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండు రోజులుగా ఏం తింటున్నానో గుర్తొచ్చింది. ఆయన చేతిలోని చీటీ మీద నేను రాసిన ఉప్పు అన్న మాట వంకరటింకరగా ఉంది. లేవబోయి, బల్ల పట్టుకుని, అక్కడే వాంతి చేసుకున్నాను. సీనియర్ సిస్టర్ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. "మేడమ్, మీరేమన్న గోలీలు వాడుతున్నరా?" అని అడిగింది. ఆరు నెలలుగా పక్కపక్కన పనిచేస్తున్నాం, ఈ చప్పిడి మొదలయ్యేదాకా రోజూ ఒకే టిఫిన్ పంచుకున్నాం. ఆమెకు ఏమీ తెలియదు. మొదటిసారి బయటి మనిషికి ఆ మందు పేరు చెప్పాను. ఆమె ఏ ముఖమూ పెట్టలేదు. సెలైన్ ఎక్కించి, బాపుకు ఫోన్ చేసింది.

సిటీలో పెద్ద దవాఖానలో చేర్చారు. రక్తంలో మందు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువైంది. కిడ్నీలు మాత్రం బాగానే ఉన్నాయి, అది నా అదృష్టం. లిథియం కొన్నాళ్ల పాటు ఆపి, సెలైన్లు పెట్టి, కనిపెట్టుకుని ఉన్నారు. మర్నాడు సైకియాట్రిస్టు వచ్చారు. ఆయన నన్ను అడగలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మవైపు తిరిగి, "ఇంట్లో ఏం వండుతున్నారమ్మా ఈ మధ్య?" అన్నారు.

అమ్మ నిటారుగా కూర్చుంది. "చప్పిడి సారూ. ఇద్దరం పట్టినం. పన్నెండు దినాలు ఒక్క రవ్వ ఉప్పు ముట్టలే," అని గర్వంగా చెప్పింది. నేను వద్దని తల ఊపుతూనే ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు.

ఆయన తొందరపడలేదు. స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుని, చిన్న గొంతుతో మొత్తం చెప్పారు. ఐదేళ్ల కింద నేను ఆమెకు చెప్పకుండా మింగేసినవన్నీ చెప్పారు. అమ్మ వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వెళ్లాక చాలాసేపు నా కాళ్లు పట్టుకుని కూర్చుంది.

"నా బిడ్డను నేనే సంపుకుంటుంటినే," అంది.

"నువ్వు గాదమ్మా. డాక్టర్ను నేను. నాకు తెల్సు. నేనే నీకు జెప్పలే."

"ఎందుకు జెప్పలే?"

నువ్వు భయపడతావని, అన్నాను. అమ్మ నన్ను కొట్టడానికన్నట్టు చెయ్యెత్తి, సెలైన్ సూది చూసి, ఆ చేత్తో నా జుట్టు వెనక్కి దువ్వింది. ఇద్దరం ఏడ్చాం. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పొంగిందంటే, ఆ క్షణంలో పాథాలజీ తీసుకోమని అడిగి ఉంటే సరేననేదాన్ని. ఆమె అడగలేదు.

అడిగింది బాపు. ఆ మర్నాడు మధ్యాహ్నం కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి చివరి గడువు. బాపు పొద్దున్నే దుకాణం మూసి వచ్చాడు. పండగనాడు కూడా సగం షట్టరు తెరిచి ఉంచే మనిషి. నా మంచం పక్కన నిలబడి, మెల్లగా అన్నాడు:

"నీ సంగతే నీకు యాదికి రాకపాయె బిడ్డా. రేపు పదిమంది పానాలు నీ చేతుల వెడితె ఎట్ల?"

కోపంతో అన్న మాట కాదది. నన్ను తక్కువ చెయ్యడానికీ అనలేదు. రెండు రోజులుగా నాకు నేను వేసుకుంటున్న ప్రశ్నే ఆయన పైకి అడిగాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అలా పడుకోగానే అమ్మ దిగ్గున లేవడం వినిపించింది. ఆ మూడు నెలలు ఆమె కళ్ల ముందుకు మళ్లీ వచ్చాయని అర్థమై, వెంటనే ఇటు తిరిగాను.

అప్పుడు ఆలోచించాను, నిజంగా. ఎందుకు గుర్తురాలేదు? తెలియక కాదు. వార్డులో అయితే నేను మర్చిపోయినా సిస్టర్ అడుగుతుంది, ఛార్టు అడుగుతుంది, సీనియర్ వచ్చి తిడుతుంది. ఒక పేషెంటుకు ఏం మందు పోతోందో కనీసం నలుగురికి తెలుసు. నా మందుతో ఏం జాగ్రత్త పడాలో ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. అమ్మ డబ్బాలో దాచింది, నేను అమ్మ దగ్గర కూడా దాచాను. ఆ సిస్టర్‌కు ముందే తెలిసి ఉంటే, నా చెయ్యి వణికిన మొదటి రోజే నన్ను కుర్చీలో కూలేసి ఉండేది.

"బాపూ," అన్నాను. "హోల్‌సేల్‌కు సామాన్ల లిస్టు రాసినంక, అమ్మకు ఎందుకు సదివి వినిపిస్తవ్?"

"ఏదన్న ఇడిసిపెట్టిననేమోనని."

"ముప్పై ఏండ్ల సంది రాస్తున్నవ్ గద. ఇంక ఇడిసిపెడ్తవా?"

"ఎందుకు ఇడిసిపెట్ట? మొన్న గూడ చాయపత్త ఇడిసిన. మీ అమ్మ యాది జేసింది," అని, అన్నాక నా వైపు చూశాడు. దుకాణదారుడికి ఇంకా విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

"నేను మర్చిపోనని చెప్తలేను బాపూ. నా లిస్టు నేనొక్కదాన్నే సదువుకున్న ఇన్నొద్దులు. ఇప్పటిసంది పైకి సదువుత. కాలేజీల గూడ చెప్పే చేరుత. వద్దంటె ఇంటికొస్త, పాథాలజీనో ఇంకోటో సూస్కుంట. గని దాసిపెట్టి మాత్రం చేయ."

బాపు అమ్మవైపు చూశాడు. ఐదేళ్లు దాచిపెట్టిన మనిషి ఆమె. చెప్తే ఏమవుతుందో నాకంటే ఎక్కువ ఆలోచించిన మనిషి కూడా ఆమే. నా దుప్పటి సర్ది, "సరే, పెట్టుండ్రి," అంది.

నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. అందుకని నేను చెప్తుంటే బాపే ఫోన్లో ఒక్కొక్కటి నొక్కాడు. పేరున్న సిటీ కాలేజీలు పైన పెట్టాలని నాకు ఎంత ఆశగా ఉందో! అవి తీసి కిందికి నెట్టించాను. మొదట మొయినాబాద్ దగ్గరి కాలేజీ, జనరల్ మెడిసిన్. చేవెళ్ల నుంచి బస్సులో అరగంట, నిద్రకు ఇంటికి రావొచ్చు. ఆ నెట్టించడం నాకు కష్టంగానే ఉంది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఉంటుంది. బాపు అంతా నొక్కాక మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. అమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఇంగ్లీషు పేర్లు ఆమెకు ఏం అర్థమయ్యాయో తెలియదు గానీ, "మళ్లొక్కసారి సదువు," అంది. మళ్లీ చదివాడు. మూడోసారీ చదివించి, అప్పుడు సబ్మిట్ నొక్కనిచ్చింది.

మొదట పెట్టిన సీటే వచ్చింది. చేరే రోజు అమ్మ నాతో వస్తానని మొండికేసింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, బస్సులో నా పక్కన బిగుసుకుపోయి కూర్చుంది. కాలేజీలో కాగితాల పని అయ్యాక మెడిసిన్ విభాగం హెడ్‌ను కలవడానికి వెళ్లాను. యాభై దాటిన ఆవిడ, గట్టి గొంతు, ముఖంలో నవ్వు వెతుక్కోవాల్సిందే. అమ్మను బయట కూర్చోమన్నాను. ఆమె లోపలికే వచ్చి తలుపు పక్కన కుర్చీలో అంచున కూర్చుంది.

ఏం చెప్పాలో వారం రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. ఒక్క వాక్యం కూడా అనుకున్నట్టు రాలేదు. జబ్బు పేరు చెప్పాను, మందు పేరు చెప్పాను, దవాఖానలో చేరిన సంగతి, ఎందుకు చేరానో ఆ సంగతి కూడా చెప్పాను. అంతా అయ్యాక మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నైట్ డ్యూటీలు మొత్తం తీసెయ్యలేను. మిగతావాళ్లు ఒప్పుకోరు, నువ్వూ నేర్చుకోలేవు," అంది.

"తీసెయ్యమని అడగట్లేదు మేడమ్."

"వరుసగా రెండు వెయ్యను. పొద్దున డ్యూటీ దిగగానే ఇంటికి వెళ్లి పడుకోవాలి, పనుందని వార్డులో తిరిగితే ఊరుకోను. అయినా ఇది నడుస్తుందో లేదో నాకు తెలీదు. ఆరు నెలలు చూద్దాం." నాకు అంత చాలు. కానీ ఆమె ఇంకా నన్నే చూస్తోంది. "ఒకటి చెప్పు. నీకు మళ్లీ మొదలవుతుంటే ముందుగా ఎవరికి తెలుస్తుంది?"

నాకే, అని చెప్పబోయాను. ఐదేళ్లుగా ఒక నోటుబుక్కులో నా నిద్రా నా మూడూ రాసుకుంటున్నదాన్ని. మేడమ్ చూపు నా భుజం మీదుగా వెనక్కి వెళ్లింది. నేనూ తిరిగి చూశాను. అమ్మ బడిపిల్లలా చెయ్యెత్తి కూర్చుంది.

"నాకు ఎర్కైతది మేడమ్," అంది. లేచి నిలబడింది. "పైకి వోయేటప్పుడు అన్నం నిలవడి తింటది. కూసో బిడ్డా అంటె కూసుంటది, మళ్ల లేస్తది. చెప్పే మాట సగంల ఇడిసి ఇంకో మాట అందుకుంటది. అప్పటికి ఇంక నిద్ర మంచిగనే పోతుంటది, గని రెండు దినాలైతె పోదు. కిందికి వోయేటప్పుడైతె, ఫోన్ల నన్ను ముందుగాల దుకాణం సంగతి అడుగుతది ఎప్పుడైనా, అది అడుగుడు బంద్ జేస్తది. తిన్నవా అంటె తిన్న అంటది. ఏం తిన్నవ్ అంటె చెప్పది. నాకు గుండె జారుతది."

నేను అన్నం నిలబడి తింటానని నాకు తెలియదు. నా నోటుబుక్కులో ఆ మాట ఎక్కడా లేదు. నా జబ్బు పేరు ఒక్కసారి కూడా పలకని మనిషి, డబ్బాల్లో దాచిన మనిషి, నా ప్రతి అడుగూ ఐదేళ్లుగా చూస్తూనే ఉంది. ఎవరికి చెప్పాలో తెలియక అన్నీ తన దగ్గరే ఉంచుకుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కొత్తగా చేరిన పీజీ డాక్టర్ని, హెడ్ గదిలో ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను.

మేడమ్ నన్ను పట్టించుకోలేదు. నా ఫైలు దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీసింది. "నీ ఫోన్ నంబరు చెప్పమ్మా," అంది అమ్మతో.

అమ్మ ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పింది. రాసింది చదివి వినిపించమంది. మేడమ్ చదివింది.

"దుకాణం నంబరు గూడ రాస్కోండ్రి మేడమ్," అంది అమ్మ. "పగటీలి నేను ఆడనే ఉంట. బిడ్డ జర అటిటైనా ఫోన్ జెయ్యుండ్రి. ఎంత గిరాకీ ఉన్నా ఎత్తుత."